నెట్ పోతే ఫార్మాట్ కొట్టకండి

దసరా సెలవులకి ఇంటికెళ్లిన రెండో రోజు. టైం రాత్రి తొమ్మిదిన్నర. నా స్కాలర్‌షిప్ అప్లికేషన్‌కి అదే ఆఖరి రోజు. స్కాన్ చేసిన సర్టిఫికెట్లన్నీ ఇంట్లో ఉన్న పాత డెస్క్‌టాప్‌లో ఉన్నాయి. దాంట్లో ఉబుంటు వేసింది నేనే, పోయిన వేసవిలో. విండోస్ కదలట్లేదని నాన్న దాన్ని పాత సామాన్లవాడికి ఇచ్చేయబోతుంటే, "లినక్స్ వేస్తే పరిగెడుతుంది నాన్నా" అని మాటిచ్చి మరీ వేశాను. ఆ రాత్రి బ్రౌజర్ తెరిస్తే ఒక్క పేజీ కూడా రాలేదు.

"ఉచితంగా వచ్చేవి ఇలాగే ఉంటాయని చెప్పానా? రేపు పొద్దున్నే మళ్లీ విండోస్ వేయించేస్తా" అన్నారు నాన్న.

ఆ తర్వాత నేను చేసింది చెప్తే సీఎస్‌ఈ చదువుతున్నానని చెప్పుకోడానికి సిగ్గేస్తుంది. మూడు సార్లు రీస్టార్ట్. నాలుగు సార్లు రౌటర్ ఆఫ్, ఆన్. చివరికి ఉబుంటు పెన్‌డ్రైవ్ తీసి, మొత్తం ఫార్మాట్ కొట్టేద్దామని కూర్చున్నా. నా సర్టిఫికెట్లు, అమ్మ దాచుకున్న ఫోటోలు అదే డిస్క్‌లో ఉన్నాయన్న ధ్యాస కూడా లేదు. అప్పుడు తొమ్మిదో క్లాసు చదివే మా తమ్ముడు ఫోన్‌లోంచి తలెత్తకుండానే అడిగాడు: "అన్నా, అదే రౌటర్ మీద నాకు వీడియో వస్తోందిగా. మరి నెట్ పోయిందంటావేంటి?"

పెన్‌డ్రైవ్ పక్కన పెట్టేశా. వాడు అడిగింది కరెక్టే. 'నెట్ రావట్లేదు' అనేది జ్వరం లాంటిది. జ్వరం ఎందుకొచ్చిందో తెలియకుండా మందు వేస్తే లాభం లేదు. మన కంప్యూటర్ నుంచి వెబ్‌సైట్ దాకా ఐదు మెట్లున్నాయి. దగ్గర మెట్టు నుంచి ఒక్కొక్కటీ చూసుకుంటూ వెళ్తే, తప్పు ఏ మెట్టు మీద ఉందో అదే బయటపడుతుంది.

కానీ గడువున్న పని ఉంటే ముందు అది ముగించండి. ఫోన్‌ని యూఎస్‌బీ కేబుల్‌తో కంప్యూటర్‌కి కలిపి, ఫోన్ సెట్టింగ్స్‌లో యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేయండి. మామూలుగా లినక్స్ ఏ డ్రైవరూ అడగకుండా దాన్ని గుర్తుపడుతుంది. ఒక్క జాగ్రత్త: లాన్ వైరు పీకేయండి. అది ఉంటే సిస్టమ్ పాత దారినే పట్టుకుని వేలాడే అవకాశం ఉంది. నాకు అలాగే అయింది, వైరు పీకాకే పేజీ తెరుచుకుంది. పదీ యాభైకి అప్లికేషన్ సబ్మిట్ అయింది. ఇంకో సంగతి కూడా తేలింది. బ్రౌజర్ బానే ఉంది, లినక్సూ బానే ఉంది. తప్పు ఎక్కడో డెస్క్‌టాప్‌కీ రౌటర్‌కీ మధ్యలోనే ఉంది. మళ్లీ వైరు పెట్టి అసలు పని మొదలెట్టా.

ఇక ఆ ఐదు మెట్లు. కమాండ్లని పలికినట్టే తెలుగులో రాస్తున్నా. టెర్మినల్‌లో మాత్రం ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో కొట్టండి.

మొదటి మెట్టు: తీగ. లాన్ పోర్ట్ దగ్గర లైటు వెలుగుతోందా? టెర్మినల్‌లో 'ఐపీ ఏ' అని కొడితే నెట్‌వర్క్ కార్డుల లిస్టు వస్తుంది. వైరుది సాధారణంగా 'ఈఎన్' అని, వైఫైది 'డబ్ల్యూఎల్' అని మొదలవుతుంది. వైరు కార్డు పక్కన 'నో క్యారియర్' అని ఉంటే కేబుల్ లూజుగా ఉన్నట్టో, పాడైనట్టో, అవతలి రౌటర్ ఆఫ్‌లో ఉన్నట్టో. వైఫై వాడేవాళ్లు 'ఆర్ఎఫ్‌కిల్ లిస్ట్' కొట్టండి. 'సాఫ్ట్ బ్లాక్డ్' పక్కన 'ఎస్' ఉంటే 'ఆర్ఎఫ్‌కిల్ అన్‌బ్లాక్ వైఫై' చాలు. 'హార్డ్ బ్లాక్డ్' పక్కన ఉంటే లాప్‌టాప్ మీద వైఫై స్విచ్ ఏదైనా ఆఫ్ అయిందేమో చూడండి. నాకు లైటు వెలుగుతోంది. తీగ తప్పు లేదు.

రెండో మెట్టు: చిరునామా. అదే 'ఐపీ ఏ' లిస్టులో 'ఐనెట్' అన్న చోట ఉండే నంబరే మన కంప్యూటర్ డోర్ నంబర్. మామూలుగా దీన్ని రౌటరే ఇస్తుంది. ఆ పద్ధతి పేరు డీహెచ్‌సీపీ. అక్కడ నంబరే లేకపోయినా, 169.254తో మొదలైనా, రౌటర్ నుంచి చిరునామా అందలేదని అర్థం. నాకు 192.168.0.50 అని ఉంది. బానే ఉంది కదా అనుకుని, ఎందుకో తమ్ముడి ఫోన్‌లో చూశా. వాడిది 192.168.1.7. ఒకే ఇంట్లో ఉన్న ఇద్దరికీ వీధి వేరు!

అప్పుడు గుర్తొచ్చింది. వేసవిలో డెస్క్‌టాప్‌లో ఉన్న సినిమాలు ఫోన్‌లో చూడ్డానికి వీలుగా ఉంటుందని దానికి నేనే చేత్తో ఒక నంబర్ ఫిక్స్ చేశా. ఆగస్టులో, నేను హాస్టల్‌లో ఉండగా, పాత రౌటర్ పాడై కొత్తది వచ్చింది. పాతదాని నంబర్ 192.168.0.1, కొత్తదానిది 192.168.1.1. ఇల్లు మారినా నా కంప్యూటర్ మాత్రం పాత వీధి డోర్ నంబరే పెట్టుకుని కూర్చుంది. నేను లేనప్పుడు అమ్మ ఫోటోలు చూసుకోడానికి తప్ప దాన్ని ఎవరూ ముట్టుకోరు కాబట్టి ఎవరికీ తెలియలేదు.

సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్, అక్కడ గేర్ బొమ్మ, అందులో ఐపీవీ4. 'మాన్యువల్' తీసి 'ఆటోమేటిక్' పెట్టి, కనెక్షన్ ఒకసారి ఆఫ్ చేసి ఆన్ చేశా. కొత్త చిరునామా వచ్చింది.

మూడో మెట్టు: గడప. ఇంట్లోంచి బయటికెళ్లాలంటే గడప దాటాలిగా, ఆ గడప రౌటర్. 'ఐపీ రూట్' కొడితే 'డిఫాల్ట్ వయా' పక్కన దాని నంబర్ ఉంటుంది. 'పింగ్' అని, పక్కన ఆ నంబర్ కొట్టండి. జవాబుతో పాటు మిల్లీ సెకన్లు కనిపిస్తే గడప దాకా దారి ఉన్నట్టే. ఆపడానికి కంట్రోల్ సీ. ఈ పింగ్‌ని 1983లో మైక్ మస్ అనే ఆయన రాశారు. జలాంతర్గాముల్ని వెతికే సోనార్ శబ్దం మీదుగా ఆ పేరు పెట్టారు. అరిచి, ప్రతిధ్వని కోసం చెవి పెట్టడం, అంతే పని.

నాలుగో మెట్టు: ఊరి బయట. 'పింగ్ 8.8.8.8' కొట్టండి. అది గూగుల్ నడిపే సర్వర్. గడప పలికి ఇది పలకకపోతే తప్పు ఎక్కువగా రౌటర్ తర్వాతే ఉంటుంది. కనెక్షన్ ఇచ్చినవాళ్లకి ఫోన్ చేయండి, మీ సిస్టమ్‌ని హింసించకండి. నాకు ఇది పలికింది. ఎగిరి గంతేసి బ్రౌజర్ తెరిచా. పేజీ రాలేదు!

ఐదో మెట్టు: పేరు. మనం కొట్టేది సైటు పేరు, కంప్యూటర్‌కి కావల్సింది నంబరు. పేరు చెప్తే నంబరు ఇచ్చే వ్యవస్థే డీఎన్ఎస్. ఫోన్‌లో కాంటాక్ట్స్ పోతే సిగ్నల్ ఉన్నా అమ్మకి ఫోన్ చేయలేం చూడండి, ఇదీ అంతే. నంబరుకి పింగ్ వెళ్తూ, పేరుకి మాత్రం 'టెంపరరీ ఫెయిల్యూర్ ఇన్ నేమ్ రిజల్యూషన్' అని వస్తే దొంగ ఇక్కడే ఉన్నాడు. 'రిజాల్వ్ సీటీఎల్ స్టేటస్' కొడితే మన సిస్టమ్ ఎవర్ని అడుగుతోందో చూపిస్తుంది. నాది ఇంకా పాత రౌటర్ 192.168.0.1నే అడుగుతోంది! అది కూడా వేసవిలో నేను రాసిందే. అదే ఐపీవీ4 పేజీలో డీఎన్ఎస్ పక్కన 'ఆటోమేటిక్' ఆన్ చేసి, కనెక్షన్ మళ్లీ ఆఫ్, ఆన్ చేశా. పేజీ వచ్చింది.

పాత డెస్క్‌టాప్ ఉన్నవాళ్లు తేదీ కూడా చూసుకోండి. మదర్‌బోర్డు మీద ఉండే బిళ్ల బ్యాటరీ అయిపోతే గడియారం ఎన్నో ఏళ్లు వెనక్కి పోతుంది. అప్పుడు ఐదు మెట్లూ బానే ఉన్నా, 'ఈ సైటు సురక్షితం కాదు' అని బ్రౌజర్ మొరాయిస్తుంది.

పొద్దున కాఫీ తాగుతూ నాన్న అడిగారు, "విండోస్ వేయించమంటావా?" అని. రౌటర్ మారింది కాబట్టే అని చెప్పి తప్పించుకోవచ్చు. కానీ రౌటర్ ఏం తప్పు చేసింది? "లినక్స్‌ది కాదు నాన్నా, నాదే. వేసవిలో నేను మార్చి మర్చిపోయా" అన్నా. ఆయన కాసేపు చూసి, "అయితే ఏం మార్చావో ఎక్కడైనా రాసిపెట్టు" అన్నారు.

ఇప్పుడు ఆ సీపీయూ పక్కన ఒక కాగితం అంటించి ఉంది. ఏ తేదీన ఏం మార్చానో అందులో రాస్తున్నా. ఆరో మెట్టు అనుకోండి. నిజానికి అదే మొదటిది కావాల్సింది.