పాఠం చెప్పవచ్చిన విదేశీ వైద్యుడు: అనుమతి ఎంతవరకు?

విదేశీ వైద్యులు కొద్ది రోజులకు మన బోధనాసుపత్రులకు వచ్చి, కొత్త శస్త్రచికిత్సలను విద్యార్థులకు నేర్పడం పరిపాటి. ఉపన్యాసం ఇవ్వడం వేరు. రోగికి కోత పెట్టి చూపించడం వేరు. రెండవది వైద్యం చేయడమే.

జాతీయ వైద్య కమిషన్ చట్టం, 2019లోని 34వ సెక్షన్ ప్రకారం రాష్ట్ర రిజిస్టరులో గాని జాతీయ రిజిస్టరులో గాని పేరు లేనివారు వైద్యం చేయరాదు. ఉల్లంఘిస్తే ఏడాది వరకు జైలు, 5 లక్షల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. స్వదేశంలో నమోదైన విదేశీ పౌరునికి మాత్రం నిర్ణీత కాలానికి తాత్కాలిక నమోదు ఇవ్వవచ్చు. దీనికి ముందున్న 1956 నాటి చట్టం ఇంకా తేటగా చెప్పింది: బోధన, పరిశోధన, ధర్మకార్యాల నిమిత్తం తాను చేరిన సంస్థలోనే అట్టివారు వైద్యం చేయాలి.

అమెరికా నుండి వచ్చిన వైద్యుడు తెలుగులో పలకరించగానే రోగికి ప్రాణం లేచివస్తుంది. ఇక ఏమీ అడగబుద్ధి కాదు. అయినా అడగాలి. ఆయన పేరు ఇక్కడి రిజిస్టరులో ఉన్నదా, లేక తాత్కాలిక నమోదు పొందారా? ఆయన తిరిగి వెళ్లిన తరువాత కుట్లు విప్పేది, మందులు మార్చేది ఎవరు? ఈ రెండవ ప్రశ్నకు ఆ ఆసుపత్రి వైద్యులలో ఒకరి పేరు సమాధానంగా రావాలి. సమ్మతి పత్రంపై సంతకానికి ముందే ఆ పేరు వ్రాయించుకోవాలి.