మాటలో నిలుచు మతి

హైదరాబాదు లాడ్ బజారులో గాజులమ్ము వృద్ధుని యంగడి యెదుట ఒక గడియ నిలిచినచో, అతడు అక్షరమెరుగనివాడైనను, తెలుగు ఇల్లాలితో తెలుగున బేరమాడుచు, నడుమ వచ్చిన వేరొకరికి దక్కనీ ఉర్దూలో ధర చెప్పి, విడిచినచోటనే మొదటి మాటను మరల నందుకొనుట చూడవచ్చును. దీనిని మనమెవ్వరమును విద్యగా నెంచము. కాని ఈ నిత్యకృత్యమే వార్ధక్యమున బుద్ధిని కాచునేమోయని వైద్యులు లెక్కలు తీసి పరిశీలించినది ఈ నగరముననే.

జ్ఞాపకశక్తి సన్నగిల్లి, 2006 మొదలు 2012 వరకు నిజామ్స్ వైద్య విజ్ఞాన సంస్థకు వచ్చిన 648 మంది డిమెన్షియా రోగుల వృత్తాంతములను డాక్టర్ సువర్ణ అల్లాడియు, ఆమె సహచరులును, ఎడింబరో విశ్వవిద్యాలయమునకు చెందిన థామస్ బాక్‌తో కలిసి శోధించి, 2013లో ప్రకటించిరి. ఒక్క భాష మాత్రమే మాట్లాడువారికి వ్యాధి లక్షణములు సగటున 61వ యేట పొడసూపగా, రెండు లేక అంతకు మించిన భాషలు మాట్లాడువారికి 65 దాటిన పిమ్మట గాని పొడసూపలేదు. అనగా నాలుగున్నర సంవత్సరముల యెడము. బొత్తిగా చదువులేని వారిలో ఆ యెడము ఆరేండ్లు. ఇంతకు మున్ను కెనడాలో ఇట్టి ఫలితమే కనబడినను, అచటి ద్విభాషులలో పెక్కుమంది వలస వచ్చినవారగుటచే, ఆ మేలు భాషదో వలసదో తేలలేదు. మన నగరమున ఆ చిక్కు లేదు. మూడవ భాష వలన అదనపు లాభము కానరాలేదనియు, ఇట్టి పరిశీలన కార్యకారణ సంబంధమును నిస్సందేహముగ స్థాపింపజాలదనియు చెప్పుట న్యాయము. అయినను చదువుకొన్నవారి సొత్తని మనమెంచిన మేధారక్షణము సంతలోని నిరక్షరునకు సైతము లభించుచున్నదన్న మాట నాకు మిక్కిలి యూరట గలిగించినది.

ఇది యెట్లు జరుగునని అడుగుదురేని, రెండు భాషలెరిగినవాడు ఒకటి పలుకునపుడు రెండవదియు మెదడులో మేలుకొనియే యుండును. దానిని అణచి, తగిన మాటను ఎన్నుకొను శ్రమ దినమున వేలసార్లు జరుగును. ఆ శ్రమ వ్యాధిని ఆపదు. నిండు గాదె గల రైతు కరవును ఆపలేకున్నను, గాదె లేనివానికంటె కొంతకాలము అధికముగా తాళగలడు, ఇదియు నట్టిదే.

మాట నోటితోనే గాక చెవితోను నిలుచును. వినికిడి తగ్గిన పెద్దవారు సంభాషణమునకు జంకి, క్రమముగా మూలగదికి పరిమితులగుదురు. ఇంటివారు దానిని చాదస్తమనియో ముసలితనమనియో సరిపెట్టుకొందురు. లాన్సెట్ వైద్యపత్రిక నియమించిన నిపుణుల సంఘము 2024లో, చెవుడు, రక్తపు పోటు, మధుమేహము, పొగత్రాగుట, కదలక కూర్చుండుట, ఏకాంతవాసము, చికిత్స చేయింపని చూపులోపము మొదలగు 14 కారణములను తొలగింపగలిగినచో, డిమెన్షియాలలో ఇంచుమించు 45 శాతమును నివారించుటకో వాయిదా వేయుటకో వీలున్నదని లెక్కగట్టినది. అమెరికాలో 70 నుండి 84 ఏండ్ల వారికి మూడేండ్లు వినికిడి యంత్రములిచ్చి చూడగా, అందరిలో కలిపి భేదము కనబడలేదు గాని, అపాయము అధికముగా గలవారిలో బుద్ధిక్షయపు వేగము 48 శాతము తగ్గినది. కంటి శుక్లములు తీయించుటకు వెనుదీయని కుటుంబములు చెవి యంత్రమునకు సిగ్గుపడుట నాకెన్నడును బోధపడలేదు.

తాళపుచెవి ఎచట నుంచితినో మరచుట సామాన్యము. నిత్యము నడచు వీధిలో దారి తప్పుట సామాన్యము కాదు. అట్టి దశలోనైనను వెంటనే నిరాశపడక వైద్యుని చూడవలెను. ఏలయన బి12 లోపము, థైరాయిడ్ మాంద్యము, మనోవ్యాకులత మున్నగునవి మతిమరుపు వేషమున వచ్చి చికిత్సకు లొంగుచుండును.

ఈనాటి యిండ్లలో పెద్దలతో పలుకు మాటలు పెక్కుచోట్ల రెండే ప్రశ్నలకు కుదించుకొనిపోయినవి: భోజనమైనదా, మందు వేసుకొంటిరా. వానికి తలయూపిన చాలును, నోరు విప్పనక్కరలేదు. వారి యూరి చెరువు ఏ యేట తెగినదో, మాగాయకు ముక్కలను ఎన్నినాళ్ళు ఎండబెట్టుదురో అడిగి చూడుడు. జవాబు వచ్చుటకు కొంత సేపు పట్టును. అంతవరకు టీవీ కట్టివేసి, వారి ముఖము వంక చూచుచు కూర్చుండుడు.