గోధుమను విడుచుట యెవరికి మేలు?

పథ్యము రోగికి సగము మందని పెద్దలందురు. అయితే ఆ పథ్యము ఏ రోగమునకో, ఏ రోగికో తెలిసికొని చేయవలయును. నేడు పట్టణములందు నొక క్రొత్త పథ్యము ఇంటింట ప్రవేశించుచున్నది. గోధుమలను ముట్టరాదనియు, "గ్లూటెను రహితము" అను చీటీగల పిండియు, బిస్కత్తులును తినినచో దేహము తేలికపడుననియు, మేను మెరయుననియు చెప్పుకొనుచున్నారు. ఇట్టి సరకుల వెల సామాన్యపు సరకులకంటె మిక్కిలి హెచ్చు. ఇంటివారి యారోగ్యమును, ఇంటి వెచ్చమును రెంటిని చూచుకొనవలసినవారము గనుక ఇందలి నిజానిజములను విచారింప దలచితిమి.

గ్లూటెను అనగా నేమి? గోధుమపిండిని తడిపి ముద్దచేసి, కొంతసేపు నాననిచ్చి, నీటిలో మెల్లగా పిసుకుచు కడిగి చూడుడు. పాలవంటి పిండిసారము నీటిలోనికి దిగిపోవును; చేతిలో రబ్బరువలె సాగెడు జిగురుముద్ద మిగులును. అదియే గ్లూటెను. దీనిని వేరుచేయు విధమును ఇటలీ దేశస్థుడగు బెక్కారి యను పండితుడు 1745లో ప్రకటించెను. ఇది మాంసకృత్తుల జాతిలోనిది. రొట్టె పొంగుటకును, చపాతీ చిరుగక సాగుటకును ఈ జిగురే కారణము. బార్లీయని మనము పిలుచు యవలందును, శీతలదేశములలో పండు రై యను ధాన్యమందును ఇట్టి పదార్థమే కలదు.

ఈ జిగురు విషమువలె పనిచేయు రోగమొకటి నిజముగా కలదు. దానిని సీలియాక్ వ్యాధి యందురు. ఆ వ్యాధి గలవారి దేహము గ్లూటెనును శత్రువుగా నెంచి పోరాడును. ఆ పోరులో తన చిన్నప్రేవునే గాయపరచుకొనును. ప్రేవు లోపలిగోడపై ఆహారసారమును పీల్చుకొను సన్నని మొలకలు అణగిపోవును. అంతట ఎంత తినినను వంటబట్టదు. బిడ్డకు పొట్ట ఉబ్బును, విరేచనములు కట్టవు, ఎదుగుదల నిలిచిపోవును. పెద్దవారిలో కొందరికి కడుపుబాధయే యుండదు. ఇనుపధాతువు మాత్రలెన్ని మ్రింగినను తీరని రక్తహీనతయో, ఎముకల బలహీనతయో, స్త్రీలలో గర్భము నిలువకపోవుటయో కనబడును. చిన్ననాటనే ఇన్సులిను సూదులు అవసరమైన మధుమేహముగల బిడ్డలయందును, ఈ వ్యాధిగలవారి తోబుట్టువులయందును ఇది హెచ్చుగా కనబడును.

దీని కారణమును కనుగొనుటకు చాలకాలము పట్టినది. 1888లో లండను వైద్యుడు శామ్యూల్ గీ ఈ రోగమును వర్ణించి, కుదురుటన్నది ఉన్నచో ఆహారమువలననే కుదురవలయునని చెప్పెను. ఏ ఆహారమో తెలియదాయెను. 1924లో అమెరికాలో హాస్ అను వైద్యుడు అరటిపండ్ల పథ్యముతో పిల్లలను నిలబెట్టెను. హాలెండు దేశమున డికే యను శిశువైద్యుడు గోధుమను శంకించుచుండగా, యుద్ధమువలన 1944-45 శీతకాలమున అచ్చట ఘోరమైన కరవు వచ్చెను. ఊరివారు రొట్టె లేక అలమటించుచుండగా ఈ రోగముగల పిల్లలు మాత్రము కోలుకొనిరి. రొట్టె మరల రాగానే మరల చిక్కిపోయిరి. ఈ సంగతిని శోధించి 1950లో డికే తన గ్రంథమును వెలువరించెను. నాటినుండి గోధుమలు, యవలు, రై పూర్తిగా విడుచుటయే ఈ రోగమునకు చికిత్స.

లోకమున నూటికి సుమారొక్కరికి ఈ వ్యాధి యున్నదని వైద్యులందురు. 2016లో ప్రకటితమైన భారతదేశ పరిశోధనలో ఉత్తరమున నూటికొకరికి పైగాను, దక్షిణమున వేయికొక్కరికిని కనబడినది. దక్షిణమున అరుదన్నమాట నిజమే, అరుదైనది లేనిదనుకొనరాదు.

ఇచ్చట తల్లులు ముఖ్యముగా గుర్తుంచుకొనవలసిన మాట యొకటి కలదు. అనుమానము కలిగినప్పుడు ముందుగా గోధుమలు మాన్పింపకుడు. వైద్యులు రక్తపరీక్ష చేసి, అవసరమైనచో సన్నని గొట్టముతో ప్రేవునుండి చిటికెడు ముక్క తీసి సూక్ష్మదర్శినితో చూతురు. గోధుమలు తినుచున్నప్పుడే ఆ గుర్తులు కనబడును. తొందరపడి మానినచో గుర్తులు మాసిపోయి, ఉన్న రోగము లేదని తేలవచ్చును.

ఇక రోగము లేనివారి మాట. అమెరికాలో లక్షకు పైబడిన స్త్రీపురుషులను ఇరువదియారేండ్లు గమనించి 2017లో ప్రకటించిన పరిశోధనలో, గ్లూటెను తక్కువ తినుటవలన గుండెజబ్బు తగ్గినట్లు కనబడలేదు. ముడిధాన్యమును మానుటవలన దాని మేలు పోవచ్చునని కూడ వారు హెచ్చరించిరి. గోధుమ తినినచో కడుపు ఉబ్బుచున్నదనువారి మాట అబద్ధము కాదు. అట్టివారు ఏబదితొమ్మిదిమందిపై నార్వేలో జరిగి 2018లో వెలువడిన పరీక్షలో, గ్లూటెనుకంటె ఫ్రక్టాను అను పిండిజాతి పదార్థమే వారిని హెచ్చుగా బాధించినది. అది గోధుమలందేకాక ఉల్లి, వెల్లుల్లులందును కలదు. మరికొందరికి గోధుమ సరిపడక దద్దురులు లేచును. అది వేరు వ్యాధి. గోధుమ మాని బరువు తగ్గితిమనువారు, దానితోపాటు పూరీలు, కేకులు, బిస్కత్తులు మానినారేమో చూచుకొనవలయును.

చీటీగల బిస్కత్తులో గోధుమకు బదులుండునది చాలమారులు తెల్లని బియ్యపుపిండి, కర్రపెండలపు పిండి, చక్కెర, నూనె. పీచు తక్కువ. గ్లూటెను లేనిది చక్కెర లేనిదని భ్రమించి మధుమేహముగల వారికి పెట్టుట ప్రమాదకరము. ఈ పథ్యము నిజముగా కావలసినవారికి మన వంటింటనే నిక్షేపము కలదు. బియ్యము, జొన్నలు, సజ్జలు, రాగులు, కొఱ్ఱలు, సామలు, మొక్కజొన్నలు, పప్పుధాన్యములు, సగ్గుబియ్యము, ఇవన్నియు పుట్టుకతోనే గ్లూటెను లేనివి. పెసరట్టునకును, జొన్నరొట్టెకును చీటీతో పనిలేదు.

అయితే రోగమున్న యింట జాగరూకత చాల అవసరము. గోధుమలు మరపట్టిన పిండిమరలోనే జొన్నలు పట్టించినచో గోధుమపిండి కలియును. ఉప్మారవ్వ, సేమియా, బొబ్బట్లకు వాడు మైదా, బార్లీజావ, యవలతో చేసిన మాల్టు పానీయములు, ఇవన్నియు నిషిద్ధములే. బజారు ఇంగువలో తరచుగా మైదా కలుపుదురు గనుక పులిహోర సైతము చెఱుపు చేయవచ్చును. ఇట్టివారు కొనవలసిన పొట్లములకు మాత్రము చీటీ నిజముగా ఉపకారి. కిలోకు 20 మిల్లీగ్రాములు మించి గ్లూటెను ఉండరాదని మన దేశపు నియమము.

అన్నింటికంటె కష్టమైనది బంధువుల మాట. "ఒక్క ముద్దకేమగును?" అని ఆప్యాయముగా నోట పెట్టుదురు. కోడలు వలదన్నచో గర్వమందురు. పిల్లవాడు వలదన్నచో పెంకెతనమందురు. అన్నవరము ప్రసాదము గోధుమనూకతో చేయుదురు. దానిని కన్నులకద్దుకొని ప్రక్కవారికిచ్చు బిడ్డను గద్దింపకుడు. స్వామి కోపింపడు. ఆ ఒక్క ముద్ద ఆ బిడ్డ ప్రేవులను మరల గాయపరచును.

కావున, సోదరీమణులారా! వ్యాధి తేలినవారికి ఈ పథ్యమును జీవితాంతము నిష్ఠతో సాగింపుడు. వండిపెట్టువారుకూడ ఆ నిష్ఠను పాటింపుడు. అనుమానమున్నవారు పరీక్ష చేయించుకొనిన పిదపనే గోధుమను విడువుడు. తక్కినవారు చీటీలకు వెచ్చించు ధనముతో కూరలు, పండ్లు, పప్పులు కొని పిల్లలకు పెట్టుడు. చపాతీ యిష్టమైనచో నిస్సంశయముగా తినుడు.