పాలు పెరిగితే జీతము కూడ పెరగవలెనా?

తనిఖీకి వెళ్ళినచోటల్లా సభ్యులు మమ్ములను అడుగుచున్న ప్రశ్న ఇది. "మెషీను సంఘము డబ్బుతో కొన్నాము. పని అదే చేస్తున్నది. టెస్టరుకు జీతము ఎందుకు పెంచాలండీ?" అని వారంటారు. "లీటర్లు రెట్టింపయినాయి, జీతము మాత్రము అక్కడే ఉన్నదండీ" అని టెస్టరు అంటాడు.

గెర్బర్ పద్ధతిలో అయితే ప్రతి శాంపిలుకు 10 మి.లీ. గంధకామ్లము, 10.75 మి.లీ. పాలు, 1 మి.లీ. అమైల్ ఆల్కహాలు బ్యూటిరోమీటరులో పోసి, సెంట్రిఫ్యూజులో త్రిప్పి వెన్న శాతము చూడవలెను. ఎనలైజరు అయితే నిమిషానికి అటూ ఇటూగా అంకె చూపును. అందుచేత అదే మనుషులు, అంతే సమయములో ఎక్కువ పాలు తీసుకొనగలరు. ఉత్పాదకత పెరిగినదనుట దీనినే. అయితే మెషీనును సరిగా కడగకపోయినా, కాలిబ్రేషను తప్పినా, తప్పు అంకెను కూడ అంతే వేగముగా చూపును. కనుక మనిషి పని పోలేదు, మారినది.

లెక్క వేసి చూద్దాము. రోజుకు 200 లీటర్లు తీసుకొనే ఒక సంఘములో సిబ్బంది ముగ్గురికీ కలిపి నెలకు రూ. 12,000 ఇస్తున్నారనుకొందాము. లీటరుకు 2 రూపాయలు పడినది. పాలు 400 లీటర్లయితే అది 1 రూపాయికి దిగును. జీతాలను నాలుగవ వంతు పెంచి రూ. 15,000 చేసినా లీటరుకు రూ. 1.25 మాత్రమే. పాత రేటుతో చూస్తే నెలకు రూ. 9,000 సంఘానికి మిగిలినట్లే. మెషీను అరుగుదల, మరమ్మతు, కరెంటు ఇందులోనుండి పోగా ఉన్నది సభ్యులకు బోనసుగా చేరును. జీతము రెట్టింపు చేయుట మాత్రము న్యాయము కాదు. పాలు పెంచినది గేదెలను మేపినవారు గదా!

1948లో భారత ప్రభుత్వము నియమించిన న్యాయ వేతనాల కమిటీ కూడ దాదాపు ఈ దారినే చెప్పినది. కనీస వేతనము క్రింది హద్దు, చెల్లించగల శక్తి పై హద్దు. ఈ రెంటి నడుమ ఎంత అన్నది నిర్ణయించునప్పుడు ఉత్పాదకతను కూడ చూడవలెనన్నది.

టెస్టరుకు మిగులు వెన్నలో వాటా ఇద్దామనే మాట అక్కడక్కడ వినవచ్చును. ఇది మాత్రము వద్దే వద్దు. సభ్యుని పాలలో 6.2 వచ్చిన వెన్నను 6.1గా వ్రాసినచో ఆ తేడా డెయిరీ వద్ద సంఘానికి మిగులుగా కనిపించును. అది ఉత్పాదకత కాదు, తెల్లవారకముందే లేచి పాలు పితికిన ఇల్లాలి సొమ్ము. జీతమును దానికి ముడిపెట్టితే మంచి టెస్టరును కూడ మనమే చెడగొట్టినవారమగుదుము.

పెంపుదలకు ఏడాది సగటు లీటర్లను ఆధారము చేసుకొని, బడ్జెటుతోపాటు సర్వసభ్య సమావేశములో తీర్మానించుకొనవచ్చును. చలికాలపు లీటర్లు చూచి పెంచి, ఎండాకాలములో పాలు తగ్గగానే కోయుట పనికిరాదు. ధరలు పెరిగినందుకు ఇచ్చే కరువు భత్యము వేరు. దానిని ఈ లెక్కలో కలుపరాదు.