రెండు మాటలు చెప్పు... చాలు!

కాలింగ్ బెల్ మోగగానే ఇల్లు దద్దరిల్లేలా మొరిగే కుక్కను కొట్టకుండా, కట్టేయకుండా దారిలో పెట్టొచ్చు. అందుకు ఓ గోనెసంచి, ఉడకబెట్టిన గుడ్డు, కొండంత ఓపిక ఉంటే చాలు.

మధ్యాహ్నం రెండున్నర. మార్కాపురం ఎండ మిద్దె మీద నిప్పులు చెరుగుతోంది. ఉయ్యాల్లో పాప అప్పుడే నిద్రలోకి జారుకుంది. టింగ్‌టాంగ్! మంచం కింద నుంచి మా నల్లోడు దూసుకొచ్చాడు. గచ్చు మీద గోళ్లు జారాయి, వీపు మీద బొచ్చు నిక్కబొడుచుకుంది. నేను తలుపు తీసేలోపే పాప గుక్కపట్టింది. పార్సిల్ కుర్రాడు గేటు మీద నుంచే పొట్లం అందించి బండెక్కాడు.

ఉక్రోషంతో చీపురు ఎత్తాను. అర్ధవీడు వైపు పల్లె నుంచి కొడుకు దగ్గరికి వచ్చి ఉంటున్న ఎదురింటి పెద్దాయన అరుగు మీద నుంచే వారించారు: "కొట్టమాకమ్మా. వాడి పని వాడు చేశాడు."

అడవి అంచున కాపలా

ఆ మాట వెనక ఓ జీవితమే ఉంది. గిద్దలూరు, అర్ధవీడు, దోర్నాల పక్కనుంచే నల్లమల మొదలవుతుంది. దేశంలోకెల్లా పెద్దదైన నాగార్జునసాగర్-శ్రీశైలం పులుల అభయారణ్యం ఈ కొండల్లోనే ఉంది. మేకనూ కుక్కనూ ఎత్తుకుపోయే చిరుతలు అక్కడ తిరుగుతాయి. "మా కాడ కుక్క మొరిగితే భయం లేదమ్మా. మొరిగే కుక్క ఉన్నట్టుండి ఆగిపోయిందంటేనే లైటేసుకుని దొడ్లోకి పరిగెత్తేవాళ్లం" అన్నారాయన.

పల్లెలో వచ్చే మనిషి దూరం నుంచే తెలుస్తాడు. చెప్పుల చప్పుడు, చుట్ట వాసన, "ఏమ్మో, ఉండారా?" అన్న కేక ఇవన్నీ కుక్కకు ముందే అందుతాయి. బెల్‌కు ఆ ఆనవాళ్లేవీ లేవు. మనిషి చెవికి దాదాపు 20 వేల హెర్ట్జ్ వరకే వినిపిస్తే, కుక్కకు సుమారు 45 వేల దాకా వినిపిస్తుంది. అంత సున్నితమైన చెవిలో ఆ మోత ఒక్కసారిగా పడుతుంది. వెనకే కొత్త మనిషి వస్తాడు. మోతకూ మనిషికీ ముడిపడిపోతుంది.

ఈ ముడిని లోకానికి చూపించింది రష్యా శాస్త్రవేత్త ఇవాన్ పావ్లోవ్. జీర్ణక్రియపై పరిశోధనలకు 1904లో నోబెల్ అందుకున్నాడు. తిండికి ముందు రోజూ ఒకే చప్పుడు వినిపిస్తే, కొన్నాళ్లకు ఆ చప్పుడుకే కుక్కకు నోరూరుతుందని గమనించాడు.

మన గుమ్మంలో మరో పాఠం కూడా నడుస్తోంది. పార్సిల్ కుర్రాడు ఇచ్చి వెళ్లిపోతాడు. కుక్క మాత్రం తన అరుపుకే జడిసి పోయాడనుకుంటుంది. మర్నాడు ఇంకాస్త గట్టిగా మొరుగుతుంది. మనం "నోర్ముయ్" అని కేకేస్తే, మనమూ తనతోపాటు మొరుగుతున్నామనే దానికి తోచవచ్చు.

పలక మీద దిద్దించినట్టు

మా మార్కాపురం పలకలకు పెట్టింది పేరు. వాటి మీద ఏ పిల్లకీ ఒక్కరోజులో అఆలు రాలేదు. కుక్కకూ అంతే.

ముందుగా నేర్పినన్నాళ్లూ అసలు బెల్ ఆపేయండి. గేటుకు "బెల్ కొట్టకండి, ఫోన్ చేయండి" అని పలక కట్టండి. పాత అలవాటు రోజూ సాగుతుంటే కొత్తది అంటదు.

బెల్ మోతను ఫోన్‌లో రికార్డు చేయండి. కుక్క చెవి కదిపి ఊరుకునేంత సన్నగా వినిపించండి. మోగిన వెంటనే గుడ్డు ముక్క పెట్టండి. మోత ముందు, ముక్క తర్వాత. ఈ వరస తప్పకూడదు. పూటకు పదిసార్లు, మూడు నిమిషాలు చాలు. మొరిగిందంటే తొందరపడ్డామని అర్థం, శబ్దం తగ్గించాలి. తాయిలంలో ఉల్లి, ఎండుద్రాక్ష, చాక్లెట్ ఉండకూడదు. అవి కుక్కకు విషం.

మరోపక్క తలుపుకు దూరంగా గోనెసంచి పరవండి. దాని మీద కాలు పెడితే ముక్క, కూర్చుంటే ఇంకో ముక్క. "చోటు" అనగానే అటు వెళ్లడం వచ్చాక రెండు పాఠాలనూ కలపండి. బెల్ మోగితే చోటుకు వెళ్లాలి. మొదట ఇంట్లోవాళ్లే బయట నిలబడి నొక్కాలి, తర్వాత పక్కింటివాళ్లు, చివరికి కొత్తవాళ్లు.

బెదిరింపు పనికిరాదు. షాక్ కొట్టే పట్టీలు భయాన్ని పెంచుతాయి. లోపలి భయం కాటుగా బయటపడొచ్చు. మెచ్చుకోలుతోనే నేర్పమని అమెరికా పశు ప్రవర్తన వైద్యుల సంఘం 2021లో స్పష్టంగా చెప్పింది. మీదికి దూకే కుక్కైతే గొలుసు వేశాకే తలుపు తీయండి. గుమ్మంలో నిలబడ్డ కుర్రాడి ఒళ్లూ ఒళ్లే. రేబిస్ టీకా మానొద్దు. ఎప్పుడూ లేనిది హఠాత్తుగా మొరగడం ఎక్కువైతే నొప్పి ఉందేమో పశువైద్యుడికి చూపించండి.

చెప్పిందానికి విలువ

పూర్తిగా మూగదాన్ని చేయాలనే నేను మొదట అనుకున్నాను. పెద్దాయన మాట విన్నాక ఆ ఆశే వదిలేశాను. రెండుసార్లు మొరగనిచ్చి, పక్కకు వెళ్లి, "చూశాన్లే నాన్నా, చాలు" అంటాను. తర్వాత చోటు, ముక్క. కబురు అందిందని తెలిస్తే అరిచి చెప్పాల్సిన పని వాడికి ఉండదు.

రెండు నెలలు పట్టింది. మధ్యలో ఓ పండగకు చుట్టాలొచ్చి పాఠమంతా చెరిగిపోయింది. మళ్లీ సన్నటి మోత దగ్గర నుంచి దిద్దుకొచ్చాం.

మొన్న గ్యాస్ బండ తెచ్చినతను బెల్ కొట్టాడు. లోపల నుంచి రెండే రెండు 'భౌ'లు. నల్లోడు నా మొహంలోకి చూసి, వెళ్లి గోనెసంచి మీద కూర్చున్నాడు. ఉయ్యాల్లో పాప కదల్లేదు. బండ దించుతూ అతను గొంతు తగ్గించి అడిగాడు: "ఏందక్కా, కుక్కకు ఒంట్లో బాలేదా?"

"బాగానే ఉన్నాడయ్యా. చెప్పాల్సింది చెప్పేశాడు" అన్నాను.