పారిశ్రామికవాడ రోడ్డు: ఖర్చు ఎవరిది?



సరుకు నింపుకున్న లారీ ఒకటి జాతీయ రహదారి దిగి ఫ్యాక్టరీల వైపు తిరిగిందనుకోండి. ఆ మలుపు నుంచి పారిశ్రామికవాడ గేటు దాకా ఉన్న రోడ్డు ఎవరిది? చిక్కబళ్ళాపురం, చింతామణి నగరసభలకు గాని, బాగేపల్లి పురసభకు గాని ఈ ప్రశ్న ఎదురైతే ఏం చేయాలో ఇవాళ చెప్పుకుందాం.

వాడ లోపలి రోడ్లతో చిక్కు తక్కువ. కర్ణాటకలో 1966 నాటి చట్టం కింద ఏర్పడిన పారిశ్రామిక ప్రాంతాల అభివృద్ధి మండలి భూమి సేకరించి, రోడ్లు, నీరు ఏర్పాటు చేసి, పరిశ్రమలకు స్థలాలు కేటాయిస్తుంది. జాతీయ రహదారి బాధ్యత కేంద్రానిది. తగాదా అంతా మధ్యన మిగిలిన కాస్త దూరం దగ్గరే. అది ఊరి రోడ్డయితే లారీల బరువు ఊరి ఖజానా మీద పడుతుంది. కొళాయి నీటికీ, మురుగు కాలువకూ ఉంచుకున్న డబ్బు ఆ రోడ్డుకే పోతుంది. పరిశ్రమ వల్ల రాబడి రాష్ట్రానికీ ఉంది కనుక, ఖర్చులో వాటా అడగడం న్యాయమే.

అయితే అడగవలసిన వేళ ఒకటుంది. పని ముగించి, బిల్లులు కట్టి, ఆనక అర్జీ పెట్టుకుంటే చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే. మొదట ఆ రోడ్డు ఎవరి రికార్డులో ఉందో తేల్చుకోవాలి. తర్వాత సభలో తీర్మానం చేసి, ఇంజనీరు అంచనాతో జిల్లాధికారి కార్యాలయం ద్వారా రాష్ట్రానికి పంపాలి. రాష్ట్రం ఎంత ఇస్తుందో రాతపూర్వకంగా మంజూరైన తర్వాతే టెండరు పిలవాలి. పని జరిగేటప్పుడు కొలతల పుస్తకం సరిగా రాయాలి. చివరికి బిల్లులు, వినియోగ ధ్రువపత్రం పంపాలి.

ఒక లెక్క చూడండి. అంచనా 1 కోటి, రాష్ట్రం ఒప్పుకున్నది 60 లక్షలు అనుకుందాం. ఖర్చు 1 కోటి 10 లక్షలైతే, ఆ పెరిగిన 10 లక్షలూ కలిపి ఊరు భరించేది 50 లక్షలు. పైగా రాష్ట్రం డబ్బు వచ్చేదాకా కంట్రాక్టరుకు ఊరే చెల్లించాలి. ఈ మధ్యకాలానికి డబ్బెక్కడిదో ముందే చూసుకోవాలి.

సరిహద్దు దాటితే ఆంధ్రప్రదేశ్‌లో వేరే పద్ధతి ఉంది. అక్కడ పారిశ్రామికవాడలకు ఐలా అనే స్థానిక అధికార సంస్థలున్నాయి. వసూలైన ఆస్తిపన్నులో రూపాయికి 65 పైసలు వాడ నిర్వహణకు ఉంచుకుని, 35 పైసలు స్థానిక సంస్థకు ఇస్తాయి. అమెరికాలో అయోవా రాష్ట్రం ఇలాంటి రోడ్ల కోసమే 1985లో ఇంధన పన్ను నుంచి ప్రత్యేక నిధి ఏర్పాటు చేసింది.

మరి మీరేం చేయగలరు? మీ వార్డు సభ్యుణ్ణి మూడు మాటలు అడగండి. రోడ్డు ఎవరిది? మంజూరు ఉత్తర్వు వచ్చిందా? రావలసిన డబ్బు ఎంత వచ్చింది? జవాబు రాకపోతే 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద 10 రూపాయల రుసుముతో దరఖాస్తు ఇవ్వండి. కాగితాలు కన్నడంలో ఉంటాయి. చదవడం రాకపోతే తెలిసినవారిచేత చదివించుకోండి, అంకెలు మాత్రం మీరే సరిచూసుకోండి. అవి మీ కొళాయి నీటి లెక్కలు కూడా.

సెలవు.