సముద్రతీర విడిదికి బయలుదేరే ముందు

పిల్లలకు సెలవులు రాగానే పేరాలలోని మా మదరసాకు వచ్చే తల్లిదండ్రులు తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది: "మౌలానా సాహెబ్, కుటుంబంతో సముద్రం ఒడ్డున నాలుగు రోజులు గడిపితే తప్పా?" హద్దులు పాటిస్తూ భార్యాబిడ్డలను సంతోషపెట్టడం తప్పు కానే కాదు, మంచి పనే. అయితే బయలుదేరే ముందు కొన్ని విషయాలు తెలుసుకోవాలి.

చీరాల నుంచి సుమారు 6 కిలోమీటర్ల దూరంలో వాడరేవు, దానికి సమీపంలోనే రామాపురం, బాపట్ల నుంచి 9 కిలోమీటర్ల దూరంలో సూర్యలంక ఉన్నాయి. ఇప్పుడు ఈ తీరంలో అనేక విడిది గృహాలు వెలిశాయి. గది, భోజనం, వినోదం అన్నీ ఒకే రుసుములో కలిపి ఇచ్చే పద్ధతి కరేబియన్ దీవుల రిసార్టులలో బాగా ప్రసిద్ధం. అక్కడ ఆ రుసుములో మద్యం కూడా కలిసి ఉంటుంది. అమెరికాలోని మన బంధువులైనా, ఇక్కడి మనమైనా డబ్బు చెల్లించక ముందే అడగవలసినవి ఇవి: రుసుములో ఏవేవి ఉన్నాయి? మాంసం జబీహాయేనా? మద్యం అందించే చోటికి దూరంగా గది దొరుకుతుందా? స్త్రీలకు పరదాతో కూడిన ఏర్పాటు ఉందా? మాంసం విషయంలో సందేహముంటే చేపలు తినవచ్చు, వాటికి జబహ్ అవసరం లేదు. కాని వాటిని వేరే నూనెలో వేయించమని చెప్పాలి. డబ్బు కట్టాము కదా అని పళ్ళెం నిండా వడ్డించుకొని పారవేయడం దుబారా.

సముద్రపు నీటితో వుజూ చెల్లుతుంది. మన తీరంలో ఖిబ్లా పడమరకు కొంచెం వాయవ్యంగా ఉంటుంది. సముద్రానికి వీపు పెట్టి నిలబడితే సరిపోతుందనుకోకుండా దిక్సూచి చూసుకోవాలి. హైదరాబాదు వంటి దూరప్రాంతాల నుంచి వచ్చి, పదిహేను రోజులకు తక్కువ ఉండదలచినవారు హనఫీ మస్లక్ ప్రకారం నాలుగు రకాతుల ఫర్జ్‌ను రెండుగా చేస్తారు. ఫజ్ర్, మగ్రిబ్ మారవు. పేరాల నుంచి వాడరేవుకు వెళ్ళే మాకు ఆ వెసులుబాటు లేదు.

అన్నిటికన్నా ముఖ్యమైనది ప్రాణరక్షణ. కొన్నేళ్ళ క్రితం మేము విద్యార్థులను తీరానికి తీసుకువెళ్ళాము. బిర్యానీ పొట్లాలు లెక్కపెట్టుకున్నాము గాని, నీటిలోకి దిగిన పిల్లలను లెక్కపెట్టలేదు. నడుము లోతులో నిలబడిన ఒక బాలుణ్ణి ప్రవాహం లోపలికి లాగేసింది. జాలరి సోదరులు తాడు విసిరి కాపాడారు, అల్‌హందులిల్లాహ్. మరునాడు అతని తల్లి వచ్చి మాకు కృతజ్ఞతలు చెబుతుంటే తలెత్తలేకపోయాము.

అందుకే చెబుతున్నాము: నీటిలోకి దిగే ముందు స్థానిక జాలరులను అడగండి. వారు వద్దన్న చోట దిగకండి. అలలు విరగకుండా ప్రశాంతంగా కనిపించే సన్నని పాయ తరచుగా లోపలికి లాగే ప్రవాహమే. అందులో చిక్కుకుంటే ఒడ్డు వైపుకు ఎదురీదకూడదు. తేలుతూ, చేయి ఊపుతూ, తీరానికి సమాంతరంగా ఈది బయటపడాలి. ఒడ్డున ఉన్నవారు తొందరపడి దూకకుండా తాడో, ఖాళీ డబ్బానో విసరాలి. పిల్లలు నీటిలో ఉన్నంతసేపు ఒక పెద్ద మనిషి ఫోను పక్కన పెట్టి, వారినే చూస్తూ ఉండాలి. మగ్రిబ్‌కు ముందే అందరూ ఒడ్డుకు చేరాలి.

సంతానం అల్లాహ్ మనకు అప్పగించిన అమానతు. తిరుగు ప్రయాణంలో సామాను కన్నా ముందు పిల్లలను లెక్కపెట్టుకోండి.